ఆల్జీబ్రా మొదలుపెట్టే పిల్లలు ముందు ఏం నేర్చుకోవాలి

వేసవి సెలవులు రాగానే విశాఖపట్నం గాజువాకలో మా ట్యూషన్ గుమ్మం దగ్గర ప్రతి ఏడూ ఇదే ప్రశ్న. షిఫ్ట్ దిగి యూనిఫామ్‌లోనే వచ్చిన నాన్నలు, చెల్లిని చంకనేసుకుని అక్కని వెంటబెట్టుకొచ్చిన అమ్మలు, అందరూ అడిగేది ఒకటే. "మేస్టారూ, వచ్చే ఏడు తొమ్మిదో తరగతి, ఆల్జీబ్రా అంటే చాలు టెన్షన్ పడిపోతోంది, ఈ సెలవుల్లో ఏం నేర్పిస్తే సరిపోతుంది?"

మొన్న వచ్చిన ఒక అమ్మాయికి చిన్న లెక్క ఇచ్చాను. 3క + 5 = 20, క ఎంత? టకటకా రాసింది. 3క = 25, క = 25/3. కింద రెండు గీతలు కూడా కొట్టింది. "కరెక్టేనా అమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల కాగితం వైపు చూడలేదు, నా ముఖం వైపు చూసింది. నా ముఖంలో ఏం కనిపించిందో, గబగబా 25 కొట్టేసి 15 రాసింది. క = 5. "ఇప్పుడు కరెక్టేనా?" అంటే మళ్ళీ నా ముఖమే.

జవాబు సరైందే. కానీ అది సరైందని ఆ అమ్మాయికి తెలియదు. మూడు అయిదులు పదిహేను, అయిదు కలిపితే ఇరవై అని ఒక్కసారి సరిచూసుకుంటే నా అవసరమే లేదు. ఆల్జీబ్రాలో మొదట నేర్చుకోవాల్సింది ఇదేనని నా గట్టి నమ్మకం: మీరు రాసిన ప్రతి లైనూ నిజమో కాదో మీరే తేల్చుకోగలగాలి. మిగతావన్నీ, అంటే సూత్రాలూ, కారణాంకాలూ, గ్రాఫులూ దీని మీదే నిలబడతాయి. ఇది లేకుండా ఎన్ని చాప్టర్లు అయినా ఆ పిల్లలు పదో తరగతిలో కూడా మేస్టారి ముఖమే చూస్తారు.

ఇక్కడ ఒక మాట. స్కూల్ పుస్తకాల్లో ఎక్స్, వై అని ఉంటాయి, నేను మాత్రం కావాలనే మన అక్షరాలు వాడుతున్నాను. తెలియని రాశులకు ఎక్స్, వై, జెడ్ వాడే అలవాటు 1637లో ఫ్రాన్స్ దేశపు డెకార్ట్ రాసిన పుస్తకంతో స్థిరపడింది. దానికి చాలా ముందే మన దేశంలో తెలియని రాశిని యావత్తావత్ అన్నారు, ఇంకొకటి వస్తే కాలక, ఇంకోటి నీలక, పీతక అని రంగుల పేర్లు పెట్టి, మొదటి అక్షరాలు యా, కా, నీ, పీ అని పొట్టిగా రాసుకున్నారు. కాబట్టి అక్షరం ఏదైనా ఒకటే. రెండు రోజులు క, మ, గ అని రాయించండి, "ఎక్స్ అంటే ఏమిటి?" అనే భయం సగం పోతుంది, ఎందుకంటే క అనేది ఇంకా తెలియని ఒక సంఖ్యకు మనం పెట్టుకున్న పేరని పిల్లలకు కంటికి కనబడుతుంది.

సరే, వరసగా చెప్తాను.

ఆల్జీబ్రాలోకి దిగే ముందు మైనస్ సంఖ్యలు, భిన్నాలు గట్టిగా రావాలి. నా దగ్గరకు "ఆల్జీబ్రా రావడం లేదు" అని వచ్చేవాళ్లలో చాలామందికి నిజంగా రానిది ఇవే. −40, −100లో ఏది పెద్దది అంటే −100 అంటారు. మన ఊళ్లో దీనికి బొమ్మ వెతుక్కోనక్కర్లేదు. బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్‌ని చూడని పిల్లలు తక్కువ, అది 2002 నుంచి మ్యూజియంగా ఉంది. నోట్‌బుక్‌లో నిలువుగా ఒక గీత గీయండి, మధ్యలో సముద్ర మట్టం సున్నా, పైన కైలాసగిరి, కింద సబ్‌మెరైన్. నీళ్లలో 40 మీటర్ల లోతున ఉన్న సబ్‌మెరైన్ పైన ఉందా, 100 మీటర్ల లోతున ఉన్నది పైన ఉందా? పైన ఉన్నదే పెద్దది. అంతే. అక్కడి నుంచి 30 మీటర్లు పైకి వస్తే ఎక్కడ, 60 మీటర్లు దిగితే ఎక్కడ అని ఒక పావుగంట ఆడించండి.

మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకు వస్తుంది? "అది రూల్" అని వదిలెయ్యకండి, దయచేసి. 628లో బ్రహ్మగుప్తుడు ఈ నియమాలు రాసినప్పుడు ధనం, ఋణం అనే మాటలే వాడాడు, అంటే ఉన్న సొమ్ము, ఉన్న అప్పు. మనం ఇప్పటికీ ధన సంఖ్యలు, ఋణ సంఖ్యలు అనే అంటున్నాం కానీ పిల్లలకు ఆ మాటల అర్థం చెప్పడం మానేశాం. కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తీసుకోండి. అయిదేసి రూపాయల అప్పులు మూడు రాసి ఉన్నాయి. కొట్టాయన ఆ మూడూ కొట్టేశాడు. మీకు ఎంత కలిసొచ్చింది? పదిహేను. (−3) × (−5) = 15. కొంచెం పెద్ద పిల్లలకు ఇంకో దారి చూపించవచ్చు: 5 + (−5) సున్నా కదా, దాన్ని −3తో గుణించినా సున్నానే రావాలి, విడివిడిగా గుణిస్తే మొదటిది −15, కాబట్టి రెండోది +15 అయితేనే మొత్తం సున్నా అవుతుంది. ఈ రెండో దారి అర్థమైన పిల్లవాడు ఇక జన్మలో ఆ గుర్తు తప్పు పెట్టడు.

దీంతో పాటే −5²కీ (−5)²కీ తేడా చూపించండి. మొదటిది −25, రెండోది 25. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపలి ప్రతి పదానికీ అది తగులుతుందని, 10 − (క − 4) అంటే 10 − క + 4 అని, కొన్ని సంఖ్యలు పెట్టి నమ్మించండి. భిన్నాల గురించి పెద్దగా చెప్పను. 2/3 + 1/4 ని 3/7 అని రాసే పిల్లలు ముందు వారం రోజులు భిన్నాలే చెయ్యాలి, ఇందులో తొందరపడితే తర్వాత ఆరు నెలలు నష్టం.

ఇప్పుడు అక్షరం. చాలాచోట్ల "5అ అంటే 5 ఆపిల్స్ అనుకో" అని చెప్తారు, మాకూ చిన్నప్పుడు అలాగే చెప్పారు. చెప్పడానికి సులువే, కానీ తర్వాత చాలా ఇబ్బంది పెడుతుంది. అక్షరం వస్తువు కాదు, సంఖ్య. ఎందుకు ఇంత పట్టుబడుతున్నానో ఒక లెక్కలో చూడండి. మా వీధిలోకి పొద్దున్నే స్కూల్ ఆటోలు వస్తాయి, ఒక్కో ఆటోలో ఆరుగురు పిల్లలు. ఆటోల సంఖ్య ఆ, పిల్లల సంఖ్య ప. సమీకరణం రాయండి. ఎక్కువమంది వెంటనే 6ప = ఆ అని రాస్తారు, ఎందుకంటే చదివేటప్పుడు "ఆరుగురు పిల్లలు, ఒక ఆటో" అని చెవిలో పడింది, అదే వరసలో రాసేశారు, ప అంటే పిల్లలు అనుకున్నారు. ఇప్పుడు సరిచూడండి. పది ఆటోలు ఉంటే అరవై మంది. 6 × 60 = 10? కాదు. 6ఆ = ప అయితే 6 × 10 = 60, సరిపోయింది. పెద్దవాళ్లు కూడా ఇక్కడ జారిపడతారు. ఈ లెక్కను ఒకటికి నాలుగు రకాలుగా ఇవ్వండి, ఒక్కో ట్రేలో ముప్పై గుడ్లు, ఒక్కో పెట్టెలో పన్నెండు బాటిళ్లు. ప్రతిసారీ ముందు సంఖ్యలు పెట్టి చూశాకే పిల్లలు పెన్ను కింద పెట్టాలి.

అక్షరం దగ్గర ఇంకో రెండు చిక్కులున్నాయి. క = 3 అయితే 2క ఎంత అంటే 23 అనేవాళ్లుంటారు, వాళ్లను తిట్టకండి, ఇన్నేళ్లూ పక్కపక్కన రాస్తే స్థానాలే అని నేర్పింది మనమే, ఇప్పుడు పక్కపక్కన అంటే గుణకారం అని కొత్తగా చెప్తున్నాం. రెండోది, క + క, క × క మధ్య తేడా. ఒకటి 2క, ఇంకొకటి క². క బదులు 5 పెడితే పది, ఇరవై అయిదు. పుస్తకంలో సజాతి పదాలు, విజాతి పదాలు అని పెద్ద పేర్లుంటాయి కానీ అసలు విషయం ఇదే: 3క + 5ని 8క అని ఎందుకు రాయకూడదు? క = 2 పెట్టండి. మొదటిది 11, రెండోది 16. రెండూ ఒకటి కావు, కాబట్టి రాయకూడదు. రూలు గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు.

తర్వాత సమానం గుర్తు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, చాలామంది దాటేస్తారు. చిన్న తరగతుల్లో = అంటే "ఇక్కడ జవాబు రాయి" అని అర్థం, క్యాలిక్యులేటర్‌లో నొక్కినట్టు. అందుకే 3కి 4 కలిపి 2తో గుణించు అంటే 3 + 4 = 7 × 2 = 14 అని రాస్తారు. జవాబు 14 సరే, కానీ 3 + 4 ఎప్పుడూ 14 కాదు కదా, ఆ లైను అబద్ధం. 1557లో వేల్స్‌కు చెందిన రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తు మొదలుపెట్టినప్పుడు, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కన్నా సమానమైనవి ఇంకేవీ ఉండవని కారణం చెప్పాడు. ఎడమవైపు ఎంతో కుడివైపు అంత. ఈ ఒక్క అలవాటు మార్పించడానికి నాకు సుమారు నెల పడుతుంది, ఆ నెల ఖర్చుపెట్టాల్సిందే. ఒక పని చెయ్యండి: 8 + 4 = ▢ + 5 ఇవ్వండి. పెట్టెలో 12 రాస్తే ఇంకా సమానం అంటే తెలియలేదన్నమాట, 7 రాస్తే ముందుకు వెళ్లొచ్చు.

దీంతోనే ఇంకొక తేడా కూడా తెలియాలి. 3క + 5 అనేది సమాసం, దాన్ని సాధించడానికి ఏమీ లేదు, వీలైతే సులభంగా తిరగరాస్తాం అంతే. 3క + 5 = 20 అనేది సమీకరణం, అది నిజమయ్యే క ని వెతుకుతాం. పరీక్షల్లో సూక్ష్మీకరించమంటే పక్కన = 0 పెట్టి క విలువ కనుక్కునే పిల్లలను ప్రతి ఏడూ చూస్తున్నాను.

ఇక సమీకరణాలు సాధించడం. "అటు పోతే ప్లస్ మైనస్ అవుతుంది, గుణకారం భాగహారం అవుతుంది." ఈ మాట వినని తెలుగు విద్యార్థి ఉండడు. పుస్తకం దాన్ని పక్షాంతరం అంటుంది. నేను మొదటి మూడు వారాలు ఈ మాట మా ట్యూషన్‌లో అననివ్వను. సంఖ్యలు ఎక్కడికీ పోవు, గేటు దాటి వేషం మార్చుకోవు. రెండు వైపులా ఒకే పని చేస్తున్నాం, అంతే జరుగుతోంది. రైతుబజార్‌లో కాటా మీద ముందు ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసి, ఆ తర్వాత టమాటాలు వేస్తారు, చూసే ఉంటారు. గిన్నె బరువు తీసేశారు, ఎందుకంటే గిన్నె + టమాటాలు = మొత్తం, రెండు వైపులా గిన్నెని తీసేస్తే టమాటాలు మిగులుతాయి. అమ్మతో సంచి పట్టుకుని వెళ్లిన పిల్లలకు ఇది ముందే తెలుసు.

ఒక లెక్క పూర్తిగా చేద్దాం. 5క − 7 = 2క + 11. ఎడమవైపు 7 తక్కువై ఉంది, దాన్ని పూడుద్దాం, రెండు వైపులా 7 కలిపితే 5క = 2క + 18. ఇప్పుడు రెండు వైపులా 2క ఉంది, రెండు చోట్లా తీసేస్తే 3క = 18. మూడు భాగాలు చేస్తే క = 6. సరిచూద్దాం: ఎడమవైపు 30 − 7 = 23, కుడివైపు 12 + 11 = 23. ఆల్జీబ్రా అనే పేరే ఇక్కడి నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులో రెండు పనులున్నాయి, అల్ జబ్ర్, అల్ ముఖాబలా. లోటుగా ఉన్నదాన్ని రెండు వైపులా కలిపి పూడ్చడం మొదటిది, రెండు వైపులా ఉన్న ఒకే రకం రాశుల్ని ఎదురెదురుగా పెట్టి తీసెయ్యడం రెండోది. పైన మనం చేసిన మొదటి రెండు లైన్లు సరిగ్గా అవే. ఇది చెప్పినప్పుడు పిల్లల కళ్లు వెలుగుతాయి, నాకు ఈ వృత్తిలో బాగా ఇష్టమైన క్షణాల్లో అదొకటి.

మూడు వారాలు ఇలా రెండు వైపులా రాసి రాసి విసుగొచ్చాక, "సార్, మధ్య లైను వదిలేస్తే?" అని వాళ్లే అడుగుతారు. అప్పుడు పక్షాంతరం చెప్పండి. అప్పటికి దాని వెనక ఏముందో వాళ్లకి తెలుసు కాబట్టి ప్రమాదం లేదు. భిన్నాలున్నవి కూడా ఇలాగే: క/3 + క/4 = 14 అయితే రెండు వైపులా 12తో గుణించి 4క + 3క = 168, క = 24. సరిచూస్తే 8 + 6 = 14. ఇంకో రెండు లెక్కలు తప్పకుండా ఇవ్వండి, 2క + 3 = 2క + 5 ఒకటి, 2(క + 1) = 2క + 2 ఒకటి. మొదటిదానికి జవాబే లేదు, రెండోదానికి ఏ సంఖ్య అయినా జవాబే. ప్రతి సమీకరణానికీ ఒక జవాబు ఉండి తీరాలనుకునే పిల్లలకు ఈ రెండూ చాలా అవసరం.

బ్రాకెట్లు, సర్వసమీకరణాలకు (ఏ సంఖ్య పెట్టినా నిజమయ్యే సమీకరణాలకు) వద్దాం. (అ + బ)² = అ² + బ² అని రాయని పిల్లవాడు నాకింతవరకూ తారసపడలేదు. సూత్రం వందసార్లు ఇంపోజిషన్ రాయించినా మళ్ళీ అదే రాస్తారు. బదులుగా నేల మీద గది గీయించండి. గది 13 అడుగుల పొడవు, 13 అడుగుల వెడల్పు, అడుగు టైల్స్ వెయ్యాలి. రెండు వైపులా 10 దగ్గర గీత గీస్తే గది నాలుగు ముక్కలవుతుంది. పది పదుల వంద, పక్కన పది మూళ్ల ముప్పై, కింద ఇంకో ముప్పై, మూలలో తొమ్మిది. మొత్తం 169. వంద, తొమ్మిది కలిపి 109 అన్నామంటే రెండు పట్టీల్లో టైల్స్ వెయ్యలేదు, 60 టైల్స్ మర్చిపోయాం. ఇప్పుడు 10 బదులు అ, 3 బదులు బ. అ² + 2అబ + బ². ఆ 2అబ ఎక్కడిదో ఇక వాళ్లు మర్చిపోరు. (క + 2)(క + 5) కూడా ఇదే గది, కాకపోతే చతురస్రం కాదు. కారణాంక విభజన అంటే ఇదే ఆటను వెనక్కి ఆడటం, టైల్స్ మొత్తం చెప్పి గది కొలతలు అడగడం. క² + 7క + 10 అని ఇస్తే రెండు గోడల పొడవులూ కావాలి.

కొట్టేయడం అనే జబ్బు కూడా ఇక్కడే పట్టుకోవాలి. (క + 3)/3లో పైన 3, కింద 3 కొట్టేసి క అని రాస్తారు. క = 6 పెట్టండి, 9/3 = 3, ఆరు కాదు. ఘాతాంకాల సూత్రాలు కూడా బట్టీ పట్టించకండి, క³ × క² ని విడదీసి క క క, క క అని రాస్తే అయిదు కనిపిస్తాయి, రెండు మూడు సార్లు అలా రాసినవాళ్లకు సూత్రం వాళ్లదే అవుతుంది. 2³ = 8, 2² = 4, 2¹ = 2, ప్రతిసారీ సగం, కాబట్టి 2⁰ = 1.

అన్నింటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది మాటల లెక్కలకు. ఇక్కడ ఒక విషయం ఇన్నేళ్ల అనుభవంతో చెప్తున్నాను. మన పిల్లలు ఇప్పుడు ఇంగ్లీష్ మీడియంలో చదువుతున్నారు. ఒక సంఖ్య కన్నా 5 తక్కువ అనే మాట ఇంగ్లీషులో ఉంటే ఆ వాక్యంలో 5 ముందొస్తుంది, సంఖ్య తర్వాతొస్తుంది, పిల్లలు అదే వరసలో 5 − క అని రాసేస్తారు. అదే వాక్యాన్ని తెలుగులో చెప్పమనండి. "ఒక సంఖ్య కన్నా అయిదు తక్కువ." సంఖ్య ముందొచ్చింది, అయిదు తర్వాతొచ్చింది, క − 5. తెలుగు వాక్యం పనులు జరిగిన వరసలోనే నడుస్తుంది. "ఒక సంఖ్యను రెట్టింపు చేసి మూడు కలిపితే" అంటే 2క + 3. "ఒక సంఖ్యకు మూడు కలిపి రెట్టింపు చేస్తే" అంటే 2(క + 3). చేసి, కలిపి, తీసేసి అనే మాటలు ఏది ముందో ఏది తర్వాతో చెప్పేస్తాయి, బ్రాకెట్ ఎక్కడ పెట్టాలో కూడా చెప్తాయి. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, అంటే లెక్కని తెలుగులో అడగడం మనకు కొత్తేం కాదు. ఇంగ్లీషులో ఇచ్చిన ప్రతి మాటల లెక్కనీ ముందు తెలుగులో పైకి చెప్పించండి, ఆ తర్వాతే రాయించండి. ఇది మా ట్యూషన్‌లో ఖాయమైన పద్ధతి.

ఇంకో పద్ధతి, ముందు ఊహించడం. ఉదాహరణకి, ఆర్కే బీచ్‌కి వెళ్లిన బృందం మురీ మిక్స్చర్ ఒకటి 30 చొప్పున, ఐస్‌క్రీమ్ ఒకటి 50 చొప్పున మొత్తం 12 కొన్నారు, 440 రూపాయలైంది. ఏవి ఎన్ని? అక్షరం జోలికి వెళ్లకుండా ఒక అంకె అనుకోమనండి. ఆరు మిక్స్చర్లు అనుకుంటే ఐస్‌క్రీములు ఎన్ని? 12 − 6. డబ్బు ఎంత? 30 × 6 + 50 × (12 − 6), అంటే 180 + 300 = 480. ఎక్కువైంది. సరే, ఆ 6 ఉన్న ప్రతిచోటా మ రాయండి. 30మ + 50(12 − మ) = 440. సమీకరణం వచ్చేసింది, ఎవరూ నేర్పలేదు. విప్పితే 600 − 20మ = 440, మ = 8, ఐస్‌క్రీములు 4. సరిచూస్తే 240 + 200 = 440. ఊహించిన అంకె తప్పైనా పర్వాలేదు, తప్పు అంకెతో చేసిన లెక్కే సరైన సమీకరణాన్ని చూపించింది. ఒక్క జాగ్రత్త, మొదటి లైనులో "మ = మిక్స్చర్" అని రాయనివ్వకండి, "మ = కొన్న మిక్స్చర్ల సంఖ్య" అని పూర్తిగా రాయాలి.

గ్రాఫుల దగ్గర స్కేలు, పెన్సిల్, చుక్కలు కలపడం మాత్రమే నేర్పి వదిలేస్తే ఏమీ మిగలదు. రెండు రాశులు కలిసి ఎలా మారుతున్నాయో చూడటం నేర్పాలి. ప్రాజెక్ట్ రికార్డు జిరాక్స్ తీయించాలి. ఒక షాపులో బైండింగ్ 100, పేజీకి రూపాయి. ఇంకో షాపులో బైండింగ్ ఉచితం, పేజీకి రూపాయిన్నర. పేజీలు ప అనుకుంటే మొదటి షాపులో 100 + ప, రెండో షాపులో 1.5ప. రెండు గీతలూ ఒకే గ్రాఫులో గీయించండి. మొదటి గీత 100 దగ్గర మొదలవుతుంది, రెండోది సున్నా దగ్గర, కానీ రెండోది నిటారుగా లేస్తుంది. ఆ నిటారుతనమే వాలు, పేజీకి ఎంత అనేదే వాలు. రెండూ 200 పేజీల దగ్గర కలుస్తాయి, అక్కడ ఇద్దరి దగ్గరా 300 రూపాయలే. 200 కన్నా తక్కువైతే రెండో షాపు, ఎక్కువైతే మొదటి షాపు. ఒక్క లెక్కలో రేఖీయ సమీకరణం, వాలు, రెండు సమీకరణాల సాధన, అసమీకరణం (సమానం బదులు ఎక్కువ, తక్కువ గుర్తులతో రాసేది) అన్నీ వచ్చేశాయి. అసమీకరణాల్లో మైనస్‌తో గుణిస్తే గుర్తు ఎందుకు తిరగబడుతుందో మళ్ళీ మన సబ్‌మెరైన్ గీత మీదే చూపించండి, 3 కన్నా 5 పైన, −5 కన్నా −3 పైన.

వర్గ సమీకరణ సూత్రం, బహుపదుల భాగహారం, పెద్ద పెద్ద కరణులు (రూట్ గుర్తు ఉన్న సంఖ్యలు), ఇవన్నీ తర్వాత. పక్కింటి అబ్బాయి ఏడో తరగతిలోనే అవి చేసేస్తున్నాడని కంగారుపడి వీటిలోకి తొయ్యకండి.

రోజూ ఎంతసేపు? అరగంట చాలు, కానీ రోజూ. యాభై లెక్కలు చెయ్యడం కన్నా ఎనిమిది చేసి ఎనిమిదీ సరిచూసుకోవడం మేలు. మా దగ్గర ప్రతి జవాబు కిందా సరిచూసిన లైను లేకపోతే ఆ లెక్కకు టిక్ పెట్టను, జవాబు సరైనా సరే. తప్పుల కోసం వేరే ఒక చిన్న పుస్తకం పెట్టించండి, అందులో తప్పు లైను, అది తప్పని చూపించే ఒక సంఖ్య, సరైన లైను. పరీక్ష ముందు రోజు గైడ్ కన్నా ఆ పుస్తకం పనికొస్తుంది.

"నేను పదో తరగతితో ఆపేశాను మేస్టారూ, ఇంట్లో నేనేం చెప్పగలను?" అని చాలామంది అమ్మలు అడుగుతారు. మీరు చెప్పనక్కర్లేదమ్మా. పిల్ల లెక్క అయిపోయిందని పుస్తకం మూయబోతుంటే, "ఆ అక్షరం బదులు నీకొచ్చిన సంఖ్య పెట్టి నాకు చూపించు" అని ఒక్క మాట అడగండి. రెండు వైపులా ఒకే అంకె వస్తే సరైనట్టు, రాకపోతే పిల్లే వెనక్కి వెళ్లి వెతుక్కుంటుంది. కూర తరుగుతూ కూడా అడగొచ్చు.

ఆ మొదటి అమ్మాయి ఇప్పుడు మూడో వారంలో ఉంది. నిన్న 4(గ − 3) = 2గ + 10 ఇచ్చాను. చేసింది, గ = 11 వచ్చింది, నేను దగ్గరకి వెళ్లి నిలబడ్డాను. తలెత్తలేదు. ఎడమవైపు 4 × 8 = 32, కుడివైపు 22 + 10 = 32 అని రాసుకుని, తనే టిక్ పెట్టుకుని, తర్వాతి లెక్కకి పేజీ తిప్పింది.